ఈక రాల్చని పుంజు

కూర్మయ్య గురువుగారు ఎవరేమడిగినా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. "ఏటి అవతల కొత్తగా వెలసిన స్వామివారు పట్టుబట్టల్లో ధగధగలాడిపోతున్నారు. అసలైనవాడో కాదో తెలుసుకునేదెలా?" అని శిష్యుడు సోమలింగం అడిగితే, ఆయన ఒక జూలో తాను కళ్లారా చూసిన సంగతి ఎత్తుకున్నారు.

అది శ్రావణమాసం. మరో ఊరి జూకి పంపడానికి అసలుసిసలు అడవి పుంజును ఎంచాలని ఒక పక్షి పండితుడు లావుపాటి పుస్తకంతో దిగాడు. అడవి కోళ్లలోనూ తెగలున్నాయి. చెవి తమ్మె తెల్లగా ఉంటే తూర్పు దేశాల తెగ, ఎర్రగా ఉంటే మన తెగ. తెల్ల తమ్మెల వాటిని ఆయన చిటికెలో పక్కన పెట్టించాడు. ఎర్ర తమ్మెలవి రెండు పుంజులు మిగిలాయి. ఒకదానికి బంగారు మెడ, నిక్కిన ఎర్రజుట్టు, జమీందారు నడక. రెండోది మెడ నల్లబడి, జుట్టు కుదించుకుపోయి, తోక ఊడి, మసిగుడ్డలా ఉంది.

"బంగారు మెడదే స్వచ్ఛమైన తెగ. ఆ రెండోది ఊరకోడి సంకరం, చిరుతకు వేసేయండి," అని పండితుడు కాగితం మీద సంతకం గిలికేశాడు.

ఇరవై ఏళ్లుగా ఆ కోళ్లను సాకుతున్న గవరయ్య బోసి పుంజును చంకలో ఇరికించుకున్నాడు. నోరు విప్పితే ఉద్యోగానికి ముప్పు, విప్పకపోతే పుంజు ప్రాణం పోతుంది. చివరికి విప్పాడు.

"తప్పయిపోనాది బాబూ! అడవి పెట్టలు బోనులో సరిగ్గా పొదగవని, ఆటి గుడ్లు మా ఇంటి పెట్ట కింద పెడతాం. మూడేళ్ల కిందట ఒకటి నా కాలికింద పగిలిపోతే, పెద్దసారు తిడతారని మా పెట్ట గుడ్డే పెట్టీసినాను. ఈ బంగారు మెడ సోకులోడు దాంట్లోంచి వచ్చినోడే. అసలు అడవి పుంజు ఏటేటా వానల్లో మెడ ఈకలు రాల్చేస్తాది. ఈడు మూడేళ్లలో ఒక్కసారీ రాల్చనేదు."

పండితుడు మండిపడుతూ పుస్తకం తిరగేశాడు. రెండు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. విడదీస్తే లోపల 'వానల్లో అడవి పుంజు' అని నల్లబడిన మెడ పుంజు బొమ్మ, అచ్చం గవరయ్య చంకలోదే. ఆయన ముఖం చూసి గురువుగారికి నవ్వాగలేదట. గవరయ్యను చూసి మాత్రం జాలేసిందట.

బోసి పుంజు దర్జాగా పై ఊరి జూకి బయల్దేరింది. గవరయ్య చేతిలో ఒక మెమో, బంగారు మెడ పుంజు పెట్టి ఇంటికి పంపేశారు. చిరుతకు రోజూ వేసే మాంసమే వేశారు.

సోమలింగం తల గోక్కున్నాడు. "పుంజులంటే ఈకలు రాలుస్తాయి గురువుగారూ. మనుషులు రాల్చరు కదా?"

"'తప్పయిపోనాది' అన్నప్పుడు గవరయ్య రాల్చలేదూ?" అన్నారు గురువుగారు.