దించని నారి

బూదికొండ కోట సైన్యంలో చేరాలా వద్దా అని దస్తగిరి మూడు రోజులుగా తనతో తనే వాదించుకుంటున్నాడు.

అది పూర్తి సైన్యం కాదు. ఏడాదికి నలభై రోజులు కోటలో కవాతు చెయ్యాలి. మిగతా రోజులు ఎవరిల్లు వాళ్ళది, ఎవరి పని వాళ్ళది. కోట మీద నగారా మోగితే మాత్రం ఉన్నవాడు ఉన్నట్టే లేచి వెళ్ళాలి. ఊళ్ళో దాన్ని సగం పటాలం అంటారు. ఒకసారి పేరు రాయించుకుంటే ఆరేళ్ళు తప్పుకోవడం కుదరదు. రాసుకునే గుమాస్తా శుక్రవారం మధ్యాహ్నం వచ్చి ఊళ్ళో ఈడొచ్చిన మగవాళ్ళందరి పేర్లూ పిలుస్తాడు, పలికినవాణ్ణి రాసుకుంటాడు. దస్తగిరి భార్య మౌలాబీకి ఏడో నెల.

శుక్రవారం పొద్దెక్కాక అతను పీరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె సూఫీ గురువు. దూది ఏకి పరుపులు కుట్టుకుని బతికేది. దస్తగిరిలాంటి శిష్యులకు ఆ పనీ నేర్పేది, సూఫీ దారీ నేర్పేది.

"పోయినేడు కనుమలోంచి దోపిడీగాళ్ళు దిగినప్పుడు నేను దూది ఏకుతా కూచున్నా. ముగ్గురు చచ్చిపోయినారు. సిగ్గుగా ఉండదా అమ్మా?"

"ఉంటుంది."

"పుట్టే బిడ్డను వదిలిపెట్టి పోయినా సిగ్గే కదా?"

"అదీ సిగ్గే."

"అందరూ ఇట్లే అనుకుంటే కనుమకు కాపలా ఎవరు?"

"నువ్వే అడుగుతావు, నువ్వే గెలుస్తావు. మధ్యలో నేనెందుకురా?"

దస్తగిరి నవ్వాడు. మాటల్లో తనను ఓడించేవాడు ఆ ఊళ్ళో లేడని అతనికి తెలుసు.

"అయినా ఇంత ఆలోచన దేనికమ్మా? నలభై రోజులే కదా."

"మిగతా రోజులు?"

"ఇంట్లోనే."

పీరమ్మ లేచింది. "లోపలికి రా."

వెనకగదిలోకి ఆమె ఏ శిష్యుణ్ణీ ఎప్పుడూ రానిచ్చేది కాదు. అక్కడ దూలానికి దూది ఏకే విల్లు ఒకటి వేలాడుతోంది. నారి బిగించే ఉంది. దస్తగిరి గడప దగ్గరే ఆగిపోయాడు. పని ఆపితే నారి దించాలి, ఎక్కించిన చెయ్యే దించాలి. పనిలో చేరిన రోజే పీరమ్మ చెప్పిన పద్ధతి అది.

"ఎవరిదమ్మా?"

"మా ఆయన హుసేనప్పది. సగం పటాలంలో ఉండె. తొమ్మిదిసార్లు పోయినాడు, తొమ్మిదిసార్లు వచ్చినాడు. పదోసారి పని మధ్యలో నగారా మోగింది."

"ఎన్నేళ్ళయింది?"

"పంతొమ్మిది."

ఆమె గట్టి దూది ముద్ద ఒకటి తెచ్చి నారికి తగిలేట్టు పెట్టింది. కిటికీ మూసింది. అతన్ని లోపలికి రమ్మని తలుపు మూసింది. వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నారి మూలిగింది.

ముద్ద మీంచి ఒక పోగు లేచింది. దాని వెనకే ఇంకొకటి. ఏ చెయ్యీ తగలకుండా దూది విడిపోతోంది, పొంగుతోంది. తెల్లటి నూగు దస్తగిరి కనురెప్పల మీద వాలింది. అది వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో ఏకినట్టు.

"కోటలో కవాతుకు నగారా కొడుతున్నారు. ఆ అదురుకే," అన్నాడు దస్తగిరి.

"ఇవాళ శుక్రవారం. కవాతు నగారా కొట్టరు."

దస్తగిరి చెవులు రిక్కించాడు. కొండ మీద ఏ చప్పుడూ లేదు. నారి మాత్రం ఆగలేదు.

"దించేద్దామమ్మా," అంటూ చెయ్యి చాచాడు.

పీరమ్మ లేచి అతని మణికట్టు పట్టుకుంది. "నీ చెయ్యి కాదు."

"ఈ దూదినేం చేస్తారు?"

"మళ్ళీ తొక్కి ముద్ద చేస్తా. రేపటికి కావాల కదా."

దస్తగిరి చెయ్యి వెనక్కి తీసుకుని అడిగాడు, "పోవద్దంటారా?"

"నేనట్లా అనలా. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అన్నం తింటా తింటా చెయ్యి ఆపి నగారా మోగుతాదేమోనని వింటుండె. నిద్దట్లో వింటుండె. నేను మాట్లాడితే 'ఉష్' అంటుండె." ఆమె నూగు దులుపుకుంది. "నలభై రోజుల సంగతి కోటవాళ్ళు చూసుకుంటారు. తక్కిన మూడొందల పాతిక రోజులూ నువ్వు ఇంట్లో ఉండగలవేమో చెప్పు."



వీధిలో గుమాస్తా గొంతు వినిపించింది. ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. దస్తగిరి పేరు వచ్చింది. ఆగి, రెండోసారి పిలిచాడు.

"ఇక్కడే ఉన్నా," అన్నాడు దస్తగిరి, పీరమ్మకు మాత్రమే వినపడేంత మెల్లగా.

కదల్లేదు.