పందిని కూడా అడగాలి కదా!

తెలివేటి వారి తెలివి గురించి చింతలమెరకలో ఎవరినడిగినా చెబుతారు. తెలివేటి వారినే అడిగితే ఇంకా బాగా చెబుతారు. "మా ఇంట్లో ఉన్నంత తెలివి ఈ మండలం మొత్తం గాలించినా దొరకదండీ" అని ముగ్గురు అన్నదమ్ములూ మీసాలు దువ్వుకునేవారు. నేనూ నిజమేననుకుంటాను. ఎందుకంటే అందులోంచి ఒక్క పిసరు కూడా వాళ్ళు ఖర్చు పెట్టగా నేను చూడలేదు.

ఒకసారి ముగ్గురూ బస్సెక్కారు. "లోపలికి జరగండి, జరగండి, ఇంకా జరగండి" అని కండక్టరు అరిచాడు. జరిగారు. జరిగి జరిగి వెనక తలుపులోంచి రోడ్డు మీదికి దిగిపోయారు. బస్సు వెళ్ళిపోయింది. "చెప్పిన మాట విన్నాం, ఇంకేం కావాలట?" అనుకుంటూ ఏడు మైళ్ళు నడిచి ఇల్లు చేరారు.

పెద్దవాడు సోమిలింగం. రెండోవాడు వీర్రాఘవులు, మూడోవాడు బంగారయ్య. ఈ తమ్ముళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. పెళ్ళిచూపులకు పిలిస్తే వెళ్ళి, పిల్లను చూసి, లేచి వచ్చేసేవారు. "చూడ్డానికి రమ్మన్నారు, చూసొచ్చాం" అనేవారు. ఇంట్లో వంటా వార్పూ సోమిలింగం భార్య కాసులమ్మది. వాళ్ళకు ఒక్కతే కూతురు, మాణిక్యం.

ఆ మాణిక్యానికి పెళ్ళి కుదిరింది. ఇంక పది రోజులుందనగా సోమిలింగానికి మూలశంక పట్టుకుంది. నవ్వకండి, వచ్చినవాడికి తెలుస్తుంది దాని సంగతి. కూర్చోలేడు. నిలబడే అన్నం తినేవాడు, గోడకు ఆనుకుని నిలబడే కునుకు తీసేవాడు. పెళ్ళిలోనేమో కన్యాదానం చేసే తండ్రి గంటసేపు పీట మీద కూర్చోవాలి. "నా బిడ్డ చెయ్యి నేను కాక ఇంకెవడో పట్టుకెళ్ళి పెళ్ళికొడుకు చేతిలో పెడతాడా?" అని నిలబడే ఏడ్చాడు పాపం. ఎంత తెలివితక్కువవాడైనా తండ్రి తండ్రే కదా, నాకూ కళ్ళు చెమర్చాయి.

నాటువైద్యం చేసే కనకాచారి వచ్చి చూశాడు.

"పంది మాంసం కూర వండుకుని మూడు రోజులు తినవయ్యా. తగ్గిపోతుందని మా నాన్న అందరికీ చెప్పేవాడు. కాకపోతే మీ ఇంట్లో అలవాటు లేదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఒప్పుకుంటేనే వండుకోండి, తర్వాత నన్ను తిట్టొద్దు" అన్నాడు.

అంతే. ఇంట్లో సభ మొదలైంది. సోమిలింగం నిలబడ్డాడు, మిగతావాళ్ళు కూర్చున్నారు.

"నేను ఒప్పుకోను" అంది కాసులమ్మ. "వరాహావతారమయ్యా అది! మునిగిపోయిన భూమిని కోరల మీద పైకెత్తిన దేవుడు. ఆయన్ని మూకుట్లో పడేసి మసాలా దట్టిస్తానా? రేపు భూమి మళ్ళీ మునిగితే ఎవరెత్తుతారు, మీ తమ్ముళ్ళా?"

తమ్ముళ్ళిద్దరూ తమ చేతుల వంక చూసుకున్నారు. ఎత్తలేమని వాళ్ళకే అర్థమైంది.

"మరి చేప కూడా అవతారమే కదా వదినా, మొన్న పులుసు పెట్టావు?" అన్నాడు బంగారయ్య.

"అవతారం పెద్ద చేప. నేను పులుసు పెట్టింది చిన్న చేప" అంది కాసులమ్మ. ఇంత మంచి జవాబు విన్నాక ఎవరేం మాట్లాడతారు?

వీర్రాఘవులు గొంతు సవరించుకున్నాడు. "దేవుడి సంగతి నాకు తెలీదు గానీ, అది తినే తిండి చూశారా? ఊళ్ళో ఉన్న చెత్తంతా దాని కడుపులోనే. దాన్ని మనం తింటే మన కడుపులోకి వచ్చినట్టే కదా. నేనూ ఒప్పుకోను."

"రుచి మాత్రం అదిరిపోతుంది" అన్నాడు బంగారయ్య. "మేనత్త వాళ్ళ ఊళ్ళో ఒకసారి తిన్నాను. కొవ్వు ముక్క నాలిక మీద పెట్టుకోగానే కరిగిపోయింది. ఎటు పోయిందో తెలీక నాలిక బయటపెట్టి అద్దంలో సాయంత్రం దాకా వెతుక్కున్నాను."

"అయితే నువ్వు ఒప్పుకున్నట్టేగా తమ్ముడూ?" అని సోమిలింగం ఆశగా అడిగాడు.

"లేదన్నయ్యా. ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది, ఆ మాంసం సరిగ్గా ఉడక్కపోతే అందులో పురుగు మెదడులోకి పోతుందట. మనింట్లో ఉన్న ఆస్తల్లా మెదడే కదా!"

ఆ పురుగును తలుచుకుంటే నాకు జాలేసింది. వాళ్ళింట్లో ఆకలితో చచ్చిపోయేది.

సోమిలింగం మళ్ళీ ఏడుపందుకున్నాడు. మాణిక్యం తలుపు చాటునుంచి ముక్కు ఎగబీల్చింది. దాంతో అందరి మనసులూ కరిగాయి, తలో షరతూ పెట్టారు. రోజూ పూజ చేసి క్షమాపణ చెప్పుకుంటే తను ఒప్పుకుంటానంది కాసులమ్మ. పందిని ఇంటికి తెచ్చి వారం రోజులు మనం తినే తిండే పెడితే ఒప్పుకుంటానన్నాడు వీర్రాఘవులు. పురుగు మెదడుకు పోవడానికి దారి చెవే కాబట్టి, ఇంట్లో అందరూ చెవుల్లో దూది పెట్టుకుంటే ఒప్పుకుంటానన్నాడు బంగారయ్య.

అన్నదమ్ములు సంతలో మాంసం అమ్మే గంగులు దగ్గరికి వెళ్ళి పంది కావాలన్నారు.

"కూరకైతే మాంసం కొట్టిస్తా కదా, పందెందుకు?" అన్నాడు గంగులు.

"మీ దగ్గర దాని భోజనం మాకు నచ్చలేదు" అన్నాడు వీర్రాఘవులు.

ఇంకేముంది, పంది ఇంటికొచ్చింది. పొద్దున్నే దానికి సున్నిపిండితో స్నానం. తర్వాత కాసులమ్మ బొట్టుపెట్టి, మెళ్ళో బంతిపూల దండ వేసి హారతి ఇచ్చేది. పప్పన్నం, నెయ్యి, ఆవకాయ ముద్దలు వీర్రాఘవులు కలిపి పెట్టేవాడు. బంగారయ్య దాని చెవుల్లోనూ దూది కుక్కాడు. దానికీ మెదడుంటుంది కదా, పురుగు దూరితే? వండిన అన్నమంతా పంది తినేస్తుంటే, పందితో పాటు గంగులు ఇచ్చిన తవుడు మిగిలిపోయింది. పారేస్తే పాపం కదా, అందుకని ఆ తవుడు జావ కాచుకుని ఇంటిల్లిపాదీ తాగారు. పంది నిగనిగలాడింది. వీళ్ళ బుగ్గలు లోపలికి పోయాయి.

ఎనిమిదో రోజున అందరూ ఒప్పుకున్నారు. కాసులమ్మ పొయ్యి వెలిగించింది. సోమిలింగం పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగు వదినా!" అని అరిచాడు వీర్రాఘవులు. చెవుల్లో దూది కదా, ఆ ఇంట్లో ఇప్పుడన్నీ అరుపులే. "ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఒప్పుకోవాలని చెప్పాడు ఆచారి. వారం నుంచి ఇది మన ఇంట్లోనే ఉంటోంది, మన పప్పన్నమే తింటోంది. దీన్ని అడిగామా?"

అందరూ నాలిక్కరుచుకున్నారు. ఎంత పొరపాటు జరిగిపోయేది!

కాసులమ్మ చేతులు జోడించింది. "స్వామీ, నిన్ను కూర వండుకోవడానికి నీకు సమ్మతమేనా?"

చెవుల్లో దూది పెడితే పందికి దురద పెట్టదూ? అడ్డంగా తల విదిలించింది.

"ఒప్పుకోవట్లేదు!" అన్నారు అందరూ.

వీర్రాఘవులు అడిగాడు. తల అడ్డంగా ఊపింది. సోమిలింగం వంగలేక వంగి, "మా పిల్ల పెళ్ళమ్మా, నువ్వు కాదంటే నేను పీట మీద కూర్చోలేను, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. అప్పుడూ ఊపింది. సోమిలింగం గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు బంగారయ్యకు వెలిగింది. "తప్పు మనదే. దాని రుచేమిటో దానికి తెలీదు. రుచి చూపించకుండా ఒప్పుకోమంటే ఎవరొప్పుకుంటారు?"

అంతే. పరుగున వెళ్ళి గంగులు దగ్గర రెండు కిలోల మాంసం తెచ్చాడు. అల్లం వెల్లుల్లి నూరి, ధనియాల పొడి వేసి, కాసులమ్మ మూడు గంటలు మెత్తగా ఉడికించింది. వీధి వీధంతా ఘుమఘుమలాడింది. కుండెడు కూరా తీసుకెళ్ళి పంది ముందు తొట్టిలో పోశారు.

"నాకొక్క ముక్క..." అన్నాడు సోమిలింగం నోరూరి.

"తొందరపడకన్నయ్యా! అదింకా ఒప్పుకోలేదు" అని ఇద్దరు తమ్ముళ్ళూ పట్టుకుని ఆపారు.

పంది ముక్క మిగల్చకుండా తినేసింది. తినేసి, అడుగున ఉన్న మసాలా నాకుతూ తల పైకీ కిందికీ ఆడించింది.

"ఒప్పుకుంది! ఒప్పుకుంది!" అని ఎగిరి గంతులేశారు. సోమిలింగం ఆనందంతో దాన్ని కౌగిలించుకున్నాడు. అంతలో వీర్రాఘవులు మొహం వేలాడేశాడు.

"ఇప్పుడు నేను ఒప్పుకోను. ఇది పందిని తిన్న పంది. దీన్ని తింటే రెండు పందుల్ని తిన్నట్టు. ఆచారి రెండు పందులని చెప్పలేదే! మోతాదు ఎక్కువై అన్నయ్యకేమైనా అయితే?"

"తన జాతినే తిన్నదానికి నేనింక హారతి ఇవ్వను. హారతి ఇవ్వకపోతే నేనూ ఒప్పుకోనట్టే" అంది కాసులమ్మ. దాంతో కూర ఆగిపోయింది, పంది దొడ్లోనే ఉండిపోయింది.

మర్నాడు గంగులు ఆ దారిన పోతూ ఆగి పలకరించాడు. "మాంసం ఎలా ఉంది? నొప్పి తగ్గిందా?"

"ఎవరికి?" అన్నాడు బంగారయ్య.

"తిన్నవాళ్ళకి."

"తిన్నది పంది. దానికి నొప్పి మొదట్నించీ లేదే!"

గంగులు తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అతను అంత సులువుగా కూర్చోగలగడం చూసి సోమిలింగానికి అసూయ పుట్టింది.

పెళ్ళిరోజు రానే వచ్చింది. వాకిట్లో తాటాకు పందిరి. మగపెళ్ళివారు దిగారు. చుట్టాలొస్తున్నారని అందరి చెవుల్లో దూదీ తీయించింది కాసులమ్మ. పురోహితుడు శాస్త్రిగారు, "కన్యాదాతగారూ, పీట మీద కూర్చోండి" అన్నారు. కాసులమ్మ కూర్చుంది. సోమిలింగం పీట వంక చూశాడు, కూతురి వంక చూశాడు. పళ్ళు బిగబట్టి వంగాడు. కెవ్వుమని లేచాడు.

"నావల్ల కాదు శాస్త్రిగారూ" అని భోరుమన్నాడు.

"ముహూర్తం దాటిపోతోందయ్యా! అంత ఎత్తునుంచి నీళ్ళు వదిలితే పెళ్ళికొడుకు నెత్తిన పడతాయి. కనీసం నీ తల నీ భార్య తలకు సమానంగానైనా ఉండాలి కదా!"

తమ్ముళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొడ్లోకి పరుగెత్తి గడ్డపలుగు, పారలు తెచ్చారు. కాసులమ్మ పక్కనే గబగబా గొయ్యి తవ్వి అన్నయ్యను అందులోకి దించారు. సోమిలింగం నడుం దాకా గోతిలో నిలబడ్డాడు. తల సరిగ్గా భార్య తల పక్కకొచ్చింది. చూసేవాళ్ళకు ఇద్దరూ కూర్చున్నట్టే ఉంది!

నిజం ఒప్పుకోవాలి, ఆ ఒక్క పనికి మాత్రం తెలివి ఖర్చు పెట్టారు. సోమిలింగం తన చేత్తో తానే కూతురి చెయ్యి అల్లుడి చేతిలో పెట్టాడు. ఆ తండ్రి మొహం సంతోషంతో వెలిగిపోయింది. తాళి కట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి. శాస్త్రిగారు సంచి సర్దుకుంటూ అన్నారు.

"ఆ గొయ్యి వెంటనే పూడ్చేయండయ్యా, పిల్లలు తిరిగే చోటు."

అంతే. ఇద్దరూ పారలందుకున్నారు. సోమిలింగం మట్టికి అడ్డం రాకుండా చేతులు పైకెత్తి పట్టుకున్నాడు. పూడ్చి, దిమ్మిసతో గట్టిగా కొట్టారు. శాస్త్రిగారు వెనక్కి తిరిగి చూసి నోరెళ్ళబెట్టారు.

"మనిషిని తీయకుండా పూడ్చారేమిట్రా?"

"తీయమని మీరు చెప్పలేదుగా!" అన్నాడు వీర్రాఘవులు.

అప్పగింతల వేళయింది. మాణిక్యం తండ్రి కాళ్ళకు దణ్ణం పెట్టుకుందామని వంగింది. నడుముంది, నడుం కింద నేల ఉంది.

"నాన్నా, నీ కాళ్ళేవీ?"

"ఎక్కడికీ పోలేదమ్మా, కిందే ఉన్నాయి."

"తవ్వండర్రా, పలుగు తెండి!" అని పెళ్ళికొడుకు తండ్రి కేకలు పెట్టాడు.

"వద్దు మావయ్యగారూ, నాన్న కాలికి తగుల్తుంది" అంది మాణిక్యం. ఆ పిల్లా ఆ ఇంటి పిల్లే మరి. బిందెడు నీళ్ళు తెచ్చి తండ్రి చుట్టూ మట్టి మీద మెల్లగా పోసింది. చల్లటి నీళ్ళు నడుం కిందికి ఇంకిపోయాయి. ఆ తడి మట్టిని తాకి, చేతులు కళ్ళకద్దుకుంది.

"దణ్ణాలు అందాయా నాన్నా?"

సోమిలింగం కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీద నీళ్ళు జారుతున్నాయి.

"అందాయి తల్లీ! హాయిగా అందాయి. ఇంకో బిందె పొయ్యి."

మామగారి దీవెన తనకు మాత్రం వద్దా ఏమిటి? కొత్త పెళ్ళికొడుకు పంచె ఎగ్గట్టి, ఖాళీ బిందె పుచ్చుకుని బావి దగ్గరికి పరుగెత్తాడు.