గాదె మీది దొర దయ్యం పేరు

అనగనగా ఒక ఊళ్ళో రాజుగారి గాదె, ఆ గాదె మీద ఒక దొర దయ్యం. రాజుల కాలంలో ఇంగ్లీషు దొరలేమిటని అడక్కండి, ఆ ఊళ్ళో రైలు కూడా ఉంది.

గాదెలో విత్తనాల వడ్లు. వాన పడింది, చల్లుకోకపోతే ఊరంతా పస్తులే. దయ్యమేమో దిగదు, గాదె తెరవనివ్వదు. తన పేరు సరిగ్గా పిలిస్తేనే దిగుతానంది. ఏమిటా పేరు? అన్‌ఫర్‌గెటబుల్.

రాజుగారు పిలిచారు, ఎక్కిళ్ళు. రాజుగారికి నీళ్ళిచ్చిన మంత్రి పిలిచాడు, ఎక్కిళ్ళు. మంత్రి వీపు రాసిన పంతులు పిలిచాడు, ఎక్కిళ్ళు. ఆఖరికి గాదె కాపలా వీరేశానికీ ఎక్కిళ్ళే. ఊ కొడుతున్నారా? ఎక్కిళ్ళు కాదర్రా, ఊ కొట్టండి.

వీరేశం పెళ్ళాం నాంచారికి మొగుడి ఎక్కిళ్ళు కూడా ముద్దుగానే ఉన్నాయి గానీ, రెండ్రోజుల్లో నేల పదును ఆరిపోతుందని దిగులు. అందరూ ఆ పేరుని చెరుకు గడలా మొత్తంగా మింగబోతున్నారు. చెరుకుని అలా తింటారా, కణుపు చూసి విరవొద్దూ అనుకుంది.

వాళ్ళ నాన్న రైలు స్టేషన్లో కూలీ. ఎక్కించిన బస్తాలు దింపేస్తే అన్‌లోడు, అన్ తగిలితే మాట తిరగబడినట్టే. స్టేషన్ మాస్టరుగారు నాన్నని రోజూ ఫర్గెట్ అవకురా, అంటే మరిచిపోకురా అనేవారు. పని చేతనైనవాణ్ణి ఏబుల్ అనేవారు. మూడు కణుపులూ కలిపి చూసుకుంది. మరిచిపోదామన్నా ఎవరికీ చేతకానిది. అయ్యో, ఇది ఏ పిల్లకో రాసుకున్న మాట. నాంచారి గుండె నీరైపోయింది.

మరి పలకడమో? అత్తని రోటి దగ్గరికి పిలిచింది.

"వడ్లే లేవు, ఏం దంచుతావే?" అంది అత్త.

"ఉత్త రోలే దంచుదాం రా అత్తా."

అత్తవి రెండు తేలిక పోట్లు, అన్, ఫర్. నాంచారిది రోకలి ఎత్తి ఒకటే పోటు, గెట్. మళ్ళీ అత్తవి చిన్నవి రెండు, ట, బుల్. మగవాళ్ళంతా అన్నిటికీ ఒకే పోటు వేశారు, అదీ వాళ్ళు చేసిన తప్పు.

అత్తాకోడళ్ళు గాదె దగ్గర ఆ వరసలోనే పిలవగానే దయ్యం జర్రున దిగి కళ్ళు తుడుచుకుంది. బతికుండగా ఆ దొర ఈ ఊరి పిల్లకే ఆ మాట రాశాడట. ఆ పిల్ల చదవలేక నవ్వేసి, వేరేవాణ్ణి పెళ్ళాడి వెళ్ళిపోయిందట, ఆ మాటే దొరకి పేరై మిగిలిందట.

"తెలుగులో రాసి చావలేకపోయావా నాయనా," అంది అత్త.

దయ్యం సిగ్గుపడి మాయమైపోయింది. ఎక్కిళ్ళు ఆగాయి, విత్తనాలు పొలానికెళ్ళాయి, ఊరంతా బువ్వ తింది. పెద్ద మాట కనపడితే బెదరకండమ్మా, కణుపు చూసి విరవండి, వెయ్యాల్సిన చోటే గట్టి పోటు వెయ్యండి.

కథ గాదెలోకి, మీరు దుప్పట్లోకి.