మెడలో ఇంటి నంబరు

సన్యాసయ్య ఇంట తెలివికి కొదవలేదు. ఈ సంగతి ఊళ్ళోవాళ్ళకి తెలీదు గానీ, ఇంట్లోవాళ్ళు మాత్రం రోజూ ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ ఏడు బెల్లం దిమ్మలన్నీ పాకలోనే ఉన్నాయి, పైన చూస్తే మబ్బు. ధర చూసి అమ్మేద్దామంటే, సన్యాసయ్య మోజుపడి చేయించుకున్న వెబ్‌పేజీలో మార్కెట్టు సైటు నుంచి ధర వచ్చి పడాల్సిన గడి ఖాళీ.

విశాఖలో కంప్యూటర్ పని చేసే బావమరిది త్రినాథ్ ఫోన్లో చెప్పాడు. "బావా, నీ బ్రౌజర్ పరాయి సైటు ఇచ్చింది ముట్టదు. మధ్యలో ప్రాక్సీని పెట్టాలి. అది మన అడ్రసులోనే ఉండి, మార్కెట్టుని అడిగి, చెప్పింది చెప్పినట్టు తెచ్చిస్తుంది. మనింటిదే అనుకుని బ్రౌజర్ పుచ్చుకుంటుంది. ఆదివారం వచ్చి పెడతాలే."

ఆదివారం దాకా ఎందుకు, ఇంట్లో మనుషులు లేరా? అంతే, తమ్ముడు అప్పలకొండ ప్రాక్సీ అయిపోయాడు.

"మన అడ్రసులోనే ఉండాలంటే మార్కెట్టుకి ఎలా వెళ్ళనన్నా?"

సన్యాసయ్య గుమ్మం మీది నంబరు రేకు పీకి తమ్ముడి మెడలో కట్టాడు. "ఇక నువ్వెక్కడుంటే మన అడ్రసు అక్కడ." మొగుడి బుర్రకి మురిసిపోయి గైరమ్మ దిష్టి తీసింది.

అప్పలకొండ ధర కనుక్కొచ్చాడు. "నాక్కాదు, దానికి చెప్పు," అని అన్న చెవులు మూసుకున్నాడు. వాడు కంప్యూటర్ ముందు గొంతు పోయేదాకా చెప్పాడు. గడి ఖాళీ. "ఒంటికి మార్కెట్టు వాసనుంటే పరాయివాడనుకోదూ?" అని వదిన తలంటి పోసింది. అయినా ఖాళీయే.

ఇంతలో లారీతో ఒక షావుకారు వచ్చాడు. నంబరు లేని ఇల్లు దొరక్క తిరుగుతుంటే, వీధిలో తల ఆరబెట్టుకుంటున్న నంబరు కనబడింది. "మంచి ధర ఇస్తాను, ఉన్న బెల్లమంతా ఎత్తుకెళ్తాను. ఏమంటావు?"

"నేననకూడదండి, ప్రాక్సీని." లోపలికెళ్ళి కంప్యూటర్‌కి విన్నవించి వచ్చాడు. "అది ఏమీ అనలేదండి."

షావుకారు వాణ్ణి ఎగాదిగా చూసి లారీ తిప్పుకున్నాడు.

ఇంకేముంది, వాన దంచింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే టార్పాలిన్. "ధర వచ్చే చోటు తడిస్తే ఎలా?" అని కంప్యూటర్ మీద కప్పారు. పాకలో బెల్లం పానకమై కాలవలో కలిసింది. ఏడాది కష్టం కదా, గైరమ్మ కూలబడి ఏడ్చింది.

ఆదివారం త్రినాథ్ వచ్చి అసలు ప్రాక్సీ పెట్టాడు. గడిలో ధర పడింది. వానకి సరుకు తగ్గి, ఎన్నడూ లేనంత ధర. ఖాళీ పాక చూసి త్రినాథ్ తల పట్టుకున్నాడు.

"ఏడుస్తావేమిటే పిచ్చిదానా," అన్నాడు సన్యాసయ్య పెళ్ళాంతో. "ఇంత ధర మళ్ళీ వస్తుందా? తమ్ముడూ, గేదెనమ్మేసి ఈ ధరకి బండెడు బెల్లం కొనుక్కురా. ఈ ధరకే అమ్మేద్దాం."

గైరమ్మ కళ్ళు తుడుచుకుని, గేదె పలుపు విప్పి మరిది చేతికిచ్చింది.