మణిరేవు ఊకొట్టే దాలమ్మ తల్లి

మణిరేవు పట్నం చూడవచ్చినవారు ముందుగా ఆశ్చర్యపోయేది కోటను చూసి కాదు, గైడును చూసి. ఎక్కడైనా గైడు ముందు నడుస్తాడు, జనం వెనక నడుస్తారు. ఇక్కడ గైడు అందరికంటే చివర నడుస్తాడు. పాత ఉప్పు కొఠార్లు, డచ్చివారి గోరీలు, ఓడసరుకుకు సుంకం కట్టిన రాతి మండపం, అన్నిటి సంగతీ వెనక నుంచే చెబుతాడు. ఫోటోల కోసం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయే ఈ కాలపు యాత్రికులకు ఈ పద్ధతి చాలా అవసరమని మా అభిప్రాయం. ఇది మాత్రం ఫోటోలు పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారం.

ఊరంతా చూపించాక గైడు వారిని రేవుగట్టు మీది గుడికి తీసుకువస్తాడు. తెర తీయగానే కొత్తవారు ఒక అడుగు వెనక్కి వేస్తారు. అమ్మవారు ఎదురుగా సముద్రంలో కనిపించే దీపాలగుట్ట వైపు అడుగు వేస్తూ ఉంటుంది. ముఖం మాత్రం ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి ఉంటుంది. నోరు కొద్దిగా తెరిచి ఉంటుంది. అరవబోతోందా, మాట్లాడబోతోందా అని అడగని యాత్రికుడు లేడు.

పూర్వం ఇక్కడ కూర్మయ్య అనే అతను ఉండేవాడు. ఓడ దిగిన వర్తకులకు, మెట్ట ఊళ్ళ నుంచి సముద్రస్నానానికి వచ్చినవారికి పట్నం చూపించడం అతని వృత్తి. కథ చెప్పడంలో అతనికి సాటి లేదు. రేవులో పుట్టి ఈత రాని మగవాడు కూడా అతనొక్కడేనని జాలరులు ఆటపట్టించేవారు.

అతని భార్య దాలమ్మ మంచినీళ్ళ కుండతో వరుసలో చివర నడిచేది. కూర్మయ్య చెప్పే ప్రతి మాటకూ గట్టిగా "ఊ" కొట్టేది. చివరి మనిషి ఊ వినిపించిందంటే అందరూ వస్తున్నట్టే లెక్క. అందుచేత కూర్మయ్య ఎన్నడూ వెనక్కి తిరిగేవాడు కాదు. తిరగనక్కరలేకపోవడమే తన గొప్పతనమని నమ్మేవాడు.

గట్టు నుంచి దీపాలగుట్టకు ఇసుకదారి ఉంది. సముద్రం వెనక్కి తగ్గి పాటు మీద ఉన్నప్పుడు తేలుతుంది, పోటు రాగానే మునుగుతుంది. ఒకనాడు జోగినాయుడు అనే పెద్దాయన తన ఊరివారిని వెంటబెట్టుకు వచ్చాడు. వారు మెచ్చుకున్నకొద్దీ కూర్మయ్య కోట దగ్గరే కథ సాగదీశాడు. ఇసుకదారి చేరేసరికి పొద్దు బాగా వాలింది.

"మావా, పోటు తిరిగే యేళయింది. గుట్ట రేపు సూపిద్దాం," అంది దాలమ్మ.

"ఇంతదూరం వచ్చి గుట్ట ఎక్కకుండా పోతారేటి? నువ్వు ఎనకాల ఊ కొట్టుకుంటా రా," అన్నాడు కూర్మయ్య.

దారి నడుమకు చేరగానే, రాజుగారి ఓడలు మణిరేవులో దిగిన కథ ఎత్తుకున్నాడు. ఎప్పటిలాగే తాను చాలా ముందు నడిచాడు. గాలి హోరులో మరేదీ వినబడలేదు. కానీ మాట ఆపిన ప్రతిచోటా "ఊ" స్పష్టంగా వినిపించింది, ఆ రోజు మరీ దగ్గరగా, చెవి పక్కనే అన్నంత దగ్గరగా. కూర్మయ్య మురిసిపోతూ గుట్ట మెట్లు ఎక్కి, దీపస్తంభం కింద కథ ముగించి, మెప్పు కోసం వెనక్కి తిరిగాడు.

ఎవరూ లేరు. ఒక్క మనిషి లేడు. నడిచివచ్చిన ఇసుకదారి లేదు. దాని మీద నీళ్ళు నురగలు కక్కుతున్నాయి. మెట్ల మీద తన పొడి పాదాల వెనక, తాను నిలబడిన చోటిదాకా, ఒకే ఒక మనిషి తడి పాదాల ముద్రలు ఉన్నాయి. "దాలమ్మా!" అని గొంతు పగిలేలా పిలిచాడు. ఈసారి ఊ వినబడలేదు.

మళ్ళీ పాటు వచ్చేదాకా గుట్ట మీద వెర్రివాడిలా తిరిగి, దారి తేలగానే పరుగెత్తాడు. దారి నడుమ ఉన్న ఎత్తయిన బండ మీద యాత్రికులందరూ ఒకరినొకరు పట్టుకొని ఉన్నారు. అందరూ ప్రాణాలతోనే ఉన్నారు, దాలమ్మ తప్ప.

"ఆయమ్మే మమ్మల్నందర్నీ బండ మీదికి నెట్టింది నాయనా. చివరాకర్న తాను ఎక్కబోతుంటే కెరటం లాగీసింది," అన్నాడు జోగినాయుడు.

"ఎప్పుడు?"

"నువ్వు ఓడల కథ ఎత్తుకున్నావు సూడు, ఆ ఎంటనే."

కూర్మయ్య తాను దిగివచ్చిన గుట్ట మెట్ల వైపు చూశాడు. కథ అంతటికీ ఊ కొట్టిందెవరో అతనికి తెలుసు. ఆ గొంతును పోల్చుకోలేనివాడు కాదు.

అటుపైన అతను అన్నం ముట్టలేదు. ఒక వేకువన దాలమ్మ కలలో కనిపించింది.

"మావా, ఊ ఇనబడకపోతే ఎనక్కి తిరిగీవోడివి. తిరిగితే నాకోసం నీళ్ళలో దూకీసీవోడివి. నీకు ఈత రాదు కదేటి. అందుకే నువ్వు గుట్టెక్కీదాకా ఊ కొట్టినాను. నాను ఆ బండ కాడే ఉన్నాను. తీసుకుపో," అంది.

కూర్మయ్య ఆ కల చెప్పగా జాలరులు ఆ బండ అడుగున వెతికితే, గుడిలోని ఈ శిల దొరికింది. ముఖం వెనక్కి తిరిగి ఉండడం చూసి, చివరి మనిషి వస్తున్నాడో లేదో చూస్తోందని కూర్మయ్య భోరున ఏడ్చాడు. తానే ఇక్కడ గుడి కట్టించాడు. బతికినంతకాలం పట్నం చూపించాడు, కానీ మళ్ళీ ఎన్నడూ ముందు నడవలేదు.

నేటికీ ఈ పట్నంలో గైడు చివరనే నడుస్తాడు. గుడిలో ఈ కథ చెప్పేటప్పుడు యాత్రికులెవరూ ఊ కొట్టరాదు, అది అమ్మవారి హక్కు. దూరప్రయాణం కట్టేవారు ఇక్కడ కుండెడు మంచినీళ్ళు సమర్పించి వెళితే, తల్లి వారి వెనకే నడిచి క్షేమంగా ఇల్లు చేరుస్తుందని తరతరాల నమ్మకం.

కథ పూర్తయ్యాక గైడు అమ్మవారి ఎదుట నిలబడి, "అందరూ వచ్చీసినారా, దాలమ్మ తల్లీ?" అని అడుగుతాడు. అతనికి ఏం వినిపిస్తుందో ఇంతవరకు ఏ గైడూ బయటపెట్టలేదు. చెవి ఒగ్గి విని, కళ్ళు తుడుచుకొని, "పదండి, అందరూ ఉన్నారు," అంటాడు.