దండోరా వేసిన రహస్యం

అనగనగా ఒక అడవి. అడవి అన్నాక సర్కారు ఉండాలి కదా, దానికీ ఒకటి ఉండేది. రాజుగారు ఏనుగు. గిడ్డంగి అధికారి ఎలుగుబంటి భల్లయ్య. వానాకాలంలో పిల్లలందరూ తినాల్సిన పళ్లూ గింజలూ ఆ గిడ్డంగిలోనే ఉండేవి.

వాటిని కోతులు దోచుకోసాగాయి. అప్పుడు జిత్తులయ్య అనే నక్క ఒక వింత తలుపు అమ్మకానికి తెచ్చాడు. రహస్య మాట చెబితేనే తెరుచుకునే తలుపు! భల్లయ్య మురిసిపోయి కొన్నాడు.

మర్నాడే మళ్లీ దొంగతనం. జిత్తులయ్య రెండు మాటల తలుపు అమ్మాడు. అదీ దండగే. మూడు మాటల తలుపు అమ్మాడు. ఈసారి కోతులు పనస తొనలు తిని, గింజలు గుమ్మంలోనే ఉమ్మేసి పోయాయి. ఎంత పొగరో చూడండి!

"మిగిలింది నాలుగు గంపలే. అవీ పోతే పిల్లలకు పస్తులే," అని ఉడత తల్లులు ఏడ్చారు.

అప్పుడే ముంగిస ముత్తమ్మ నాలుగు మాటల తలుపు నెత్తిన పెట్టుకుని కొండ అవతల నుంచి వచ్చింది. అది అమ్ముడైతేనే ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది. అయినా వెంటనే బేరం పెట్టలేదు. ఒక పూట గిడ్డంగి ఎదురుగా కూర్చుని చూసింది.

పొద్దెక్కగానే అడవిదున్న డప్పు కొడుతూ వచ్చాడు.

"యావన్మందికీ తెలియజేయడమేమనగా, గిడ్డంగి తలుపుకు కొత్త రహస్య మాటలు నేరేడు, తేనెపట్టు, తుమ్మెదహో!"

ముత్తమ్మ నోరు వెళ్లబెట్టింది. సర్కారు ఏ మాట మార్చినా దండోరా వేయాలన్నది ఆ అడవి పద్ధతి మరి! చెట్టు మీద కోతులు ఆ మాటలను చక్కగా బట్టీ పడుతున్నాయి.

"అక్కా, నోరు మూసుకుని నీ తలుపు అమ్ముకో," అని గుసగుసలాడాడు జిత్తులయ్య. "దొంగలున్నన్నాళ్లే మన బేరాలు."

ముత్తమ్మకు ఇంటి దగ్గరున్న తన పిల్లలు గుర్తొచ్చారు. అయినా తిన్నగా రాజుగారి దగ్గరికి నడిచింది.

"దొరా, మీకు నా తలుపు అక్కర్లేదు. ఉన్న తలుపు బాగానే ఉంది. రహస్య మాటను దండోరా వేయడం మానేస్తే చాలు."

"తాతలనాటి పద్ధతిని తప్పంటావా?" అని గుర్రుమన్నాడు భల్లయ్య.

రాజుగారు తొండమెత్తి ఒక్క నవ్వు నవ్వారు. "ఒక్కరోజు చూద్దామయ్యా, పోయేదేముంది?" అంటూ కొత్త మాటలు భల్లయ్య చెవిలో చెప్పారు.

మర్నాడు డప్పు మోగింది. "రహస్య మాటలు మారాయహో! అవేమిటో చెప్పమహో!"

కోతులు తలుపు ముందు చేరి, "అరటిపండు! దోసకాయ! మా మేనత్త!" అని సాయంత్రం దాకా అరిచాయి. గొంతులు పోయాయి గానీ తలుపు కదల్లేదు. అడవంతా పగలబడి నవ్వింది. ఉడత పిల్లలైతే గంతులే గంతులు!

"బేరం పోయినా మా తప్పు మాకు చెప్పావు," అన్నారు రాజుగారు ముత్తమ్మతో. "ఇకపై అడవిలో ఏ తలుపు కావాలన్నా నీ దగ్గరే కొంటాం." జిత్తులయ్య తోక ముడిచాడు.

భల్లయ్య తల గోక్కుంటూ అడిగాడు. "మరి ముత్తమ్మ దగ్గరే కొంటామన్న ఈ మాటను దండోరా వేయించనా, దొరా?"

"దీన్ని వేయించవయ్యా బాబూ! ఎంత గట్టిగానైనా వేయించు!"

నీతి: అమ్మేవారు ముందు కొనేవారి మేలు చూస్తే, పోయిన బేరం నమ్మకాన్ని వెంటబెట్టుకుని తిరిగి వస్తుంది.