తలుపు తట్టినవాళ్ల పేర్లు

రోజూ ఉదయం ఆరింటికి సుగుణమణి వెనకగదిలో ఒక పాట పాడుకుని, ప్రార్థనకి మోకరించేది. ఆరూ అయిదు కాకుండానే ఎవరో ఒకరు పిలిచేవారు.

పాలకొల్లులో రైలు గేటు దాటాక రెండో సందులో ఆమె ఇల్లు. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, గోడకి వేలాడే జాకెట్లు, బల్లమీద ఫాల్ కుట్టాల్సిన చీరల దొంతర. భర్త పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. అత్తగారు కాంతమ్మ ఆమె దగ్గరే ఉంటుంది. ఆవిడకి ఒక చెవి పనిచెయ్యదు, కళ్లు సగమే ఆనతాయి.

జనవరిలో చర్చిలో స్త్రీల కూడికలకి వెళ్లినప్పుడు, ఒక మధ్యాహ్నం ప్రార్థనలో సుగుణమణికి ఏదో అయింది. అదేమిటో తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది. భర్త పోయిన దగ్గర్నుంచీ లోపల గిరగిరా తిరుగుతున్నదేదో ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో తను ఒంటరిగా లేదని తెలిసింది. ఎంతసేపు అలా ఉందో తెలీదు. లేచి చూసుకుంటే కొంగంతా తడిసిపోయి ఉంది.

ఆ నిశ్శబ్దం కోసమే రోజుకి ఒక గంట ప్రభువుకి ఇస్తానని తీర్మానం చేసుకుంది.

ఇంట్లో అది కుదిరితేనా? "సుగుణా, నా కళ్లజోడేదీ?" అని అత్తగారు. "అక్కా, ఇవాళే పెళ్లికి వెళ్లాలి, హుక్కులు కుట్టేశావా?" అని వీధి గుమ్మంలోంచి ఇంకొకరు. ఫోను. కూరగాయల బండివాడి మైకు. మొదట్లో లేచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చునేది. తర్వాత ఫోను ఆపేసింది. తర్వాత గడియ పెట్టుకుంది. గడియ పెట్టినా గొంతులు ఆగవు కదా, ఆ గొంతుల మీద కోపం పెంచుకుంది.

ఒకరోజు కాంతమ్మ అరచేత్తో తలుపు కొడుతూనే ఉంది. సుగుణమణి విసురుగా తీసి, "ఏం కొంప మునిగిందండీ? ప్రార్థన కూడా చేసుకోనివ్వరా నన్ను?" అని అరిచింది.

ముసలావిడ గోడ పట్టుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఆ పూట కాఫీ కూడా అడగలేదు.

సుగుణమణి మళ్లీ మోకరించింది. ప్రార్థన మాత్రం సాగలేదు.

ఇక లాభం లేదనుకుంది. గుంటూరు వైపు ఒక ప్రార్థన కొండ ఉంది. గది ఇస్తారు, ఏడాదిపాటు ఉండొచ్చు. మిషన్లు మూసేసి, అత్తగారిని తణుకులో ఉన్న ఆడపడుచు ఇంటికి పంపేస్తే సరిపోతుంది. ఆడపడుచు ముక్కుతూ మూలుగుతూ ఒప్పుకుంది. కొండమీదివాళ్లు మాత్రం, ఈమెని బాగా ఎరిగిన పెద్దలెవరైనా ఒక ఉత్తరం రాసివ్వాలన్నారు.

ఆ ఉత్తరం కోసం యునీకమ్మ దగ్గరికి వెళ్లింది.

యునీకమ్మకి ఎనభై దాటాయి. నలభై ఏళ్లు కాలినడకన పల్లెలు తిరిగి ఆడవాళ్లకి బైబిలు వాక్యం చెప్పిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. చర్చి ఆవరణలో చిన్న గది ఒకటి ఇచ్చారు, అందులో ఉంటుంది. సుగుణమణికి చిన్నప్పుడు అక్షరాలూ పాటలూ ప్రార్థనా నేర్పింది ఆవిడే.

చెప్పిందంతా విని, "కొండమీద నిన్నెవరూ పిలవరా?" అని అడిగింది యునీకమ్మ.

"పిలవరండీ. అక్కడ అసలు మాట్లాడుకోవడమే ఉండదంట."

"సరే, ఉత్తరం ఇస్తాలే. ముందు ఒక పని చేసుకురా. ఈ వారం నీ ప్రార్థనకి అడ్డొచ్చినవాళ్ల పేర్లు రాసుకో. ఎవరు, ఎన్నిసార్లు, ఎందుకు. ఒక్కళ్లని కూడా వదలకు."

సుగుణమణికి ఆ మాట ఎంతో నచ్చింది. తను పడుతున్న అవస్థ అమ్మగారికి అప్పటికిగాని అర్థం కాదనుకుంది. కొలతలు రాసుకునే పుస్తకం చివరి పేజీల్లో వారమంతా శ్రద్ధగా రాసింది. ఎవరైనా పిలిస్తే లేచేది కాదు గానీ, పెన్సిలు మాత్రం అందుకునేది.

వారం తిరిగాక, మధ్యాహ్నం ఎండ తగ్గగానే పుస్తకం పట్టుకుని వెళ్లింది.

"చూడండమ్మగారూ, పేజీన్నర వచ్చింది. ఇదీ నా బతుకు."

"నాకు కనబడదు. నువ్వే చదువు" అంటూ యునీకమ్మ మంచం పట్టె పట్టుకుని మెల్లగా కిందికి దిగింది. నేలమీద మోకరించింది. మోకాళ్లు పటపటమన్నాయి.

"అయ్యో, మీ కాళ్లు..."

"చదవ్వే."

సుగుణమణి గడగడా మొదలెట్టింది. "సోమవారం. వెంకటరత్నం గారి భార్య. కూతురికి పరికిణీ, జాకెట్టు తొందరగా కావాలంట."

యునీకమ్మ కళ్లు మూసుకుంది. "ప్రభువా, వెంకటరత్నం భార్య. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంది. ఆ పిల్లని చల్లగా చూడు." ఆగి, "ఊ" అంది.

సుగుణమణి కాస్త తడబడింది. "కూరగాయల బండివాడు, ఆరుసార్లు. మైకులో అరుస్తాడు. పేరు తెలీదండీ."

"ప్రభువా, ఈ బండివాడి పేరు నీకు తెలుసు. ఇవాళ తెచ్చిన సరుకంతా అమ్ముడుపోవాలి. ఊ."

"స్కూలు టీచరు లిల్లీ గారు, రెండుసార్లు. వాళ్లమ్మగారికి ఆపరేషనంట, ముందు గుండీలుండే నైటీలు కావాలని..."

"ప్రభువా, లిల్లీ వాళ్లమ్మ. ఆపరేషనంటే భయపడుతోందేమో. ఊ."

చదివేకొద్దీ సుగుణమణి గొంతు నెమ్మదించింది. పేరుకీ పేరుకీ మధ్య ఇప్పుడు తనే ఆగుతోంది.

"అత్తయ్యగారు. పందొమ్మిదిసార్లు."

"ఎందుకూ?"

"కళ్లజోడుకి రెండుసార్లండీ. కాఫీకి నాలుగు. మిగతావన్నీ ఊరికేనే. 'సుగుణా, ఉన్నావా?' అంటారు. ఉన్నానంటే ఊరుకుంటారు."

యునీకమ్మ మెల్లగా అంది: "ప్రభువా, కాంతమ్మ. కొడుకు పోయిన తల్లి. కోడలైనా ఉందో లేదో కనుక్కుంటోంది."

సుగుణమణికి పుస్తకంలో అక్షరాలు అలికినట్టయ్యాయి. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఊ."

"ఇంకొక్కటేనండీ. వీరవేణి. పక్కింటమ్మాయి. బుధ, గురు, శుక్రవారాలు, మూడుసార్లు వచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"తెలీదండీ. నేను తలుపు తియ్యలేదు."

"తర్వాతైనా అడగలేదూ?"

"మర్చిపోయానండీ."

యునీకమ్మ తల వంచింది. "ప్రభువా, వీరవేణి. ఈ పిల్ల ఎందుకొచ్చిందో మాకు తెలీదు."

అక్కడితో ఆగిపోయింది. ఆమేన్ అనలేదు. చేతులు చాపితే సుగుణమణి పట్టుకుని లేపి మంచంమీద కూర్చోబెట్టింది. ఆయాసం తగ్గాక యునీకమ్మ, "కాగితం, పెన్ను ఆ అలమరలో ఉన్నాయి. నాకెలాగూ రాయడానికి కళ్లానవు. ఉత్తరం నువ్వు రాసుకో, సంతకం పెడతాను" అంది.

సుగుణమణి అలమర వైపు చూసింది. "వెళ్లొస్తానండీ" అని బయటికొచ్చేసింది.

దారిలో రైలు గేటు పడితే, ఆ పక్కన నిలబడి తణుకు ఫోను చేసింది.

"వదినా, అత్తయ్యగారిని తీసుకురావట్లేదు."

"అదేంటి? ఏమైంది?"

"ఏమీ అవలేదు. నా దగ్గరే ఉంటారు."

ఇంటికొచ్చేసరికి కాంతమ్మ ముందుగదిలో, మిషను పక్కన కూర్చుని ఉంది. చెప్పుల చప్పుడుకి తలెత్తి, భయంభయంగా, "నీ ప్రార్థన అయిపోయిందామ్మా?" అని అడిగింది.

సుగుణమణి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది. ముడతలు పడ్డ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "మొన్న అరిచాను మీమీద. తప్పయిపోయిందండీ" అంది, వినబడే చెవి దగ్గర. ఆవిడ ఆ చేతిని విడిపించుకుని కోడలి తల నిమిరింది. "కొంచెం మిగిలిందండీ. పక్కింటికి వెళ్లొచ్చి కాఫీ పెడతాను" అని లేచింది సుగుణమణి.

వీరవేణి వంటింట్లో ఉంది. పాతికేళ్లుంటాయి. మొగుడు మస్కట్‌లో పనిచేస్తాడు. పొయ్యిమీద కుక్కరు పెట్టి ఉల్లిపాయలు తరుగుతోంది.

"మూడు రోజులు వచ్చావు. నేను తలుపు తియ్యలేదు" అంది సుగుణమణి గుమ్మంలోంచే. "ఎందుకొచ్చావమ్మా?"

"ఏం లేదక్కా." వీరవేణి కత్తిపీట పక్కకి పెట్టింది. ఉల్లిపాయ ఘాటు మీద నెట్టేద్దామని చూసింది గానీ కన్నీళ్లు ఆగలేదు. "మా ఆయన ఫోను చేసి పన్నెండు రోజులైందక్కా. నేను చేస్తే మోగట్లేదు. ఎవరినడగాలో తెలీట్లేదు."

"మరి పొద్దున్నే వచ్చావేం? పగలు వచ్చి చెప్పొచ్చు కదా?"

"రోజూ ఆ టైముకి నువ్వు పాట పాడతావు గదా, గోడలోంచి వినబడుద్ది. నువ్వు దేవుడితో మాట్లాడేది అప్పుడే గదా అని వచ్చాను. పన్లో ఉన్నప్పుడు చెబితే మర్చిపోతావేమో. అప్పుడైతే, పన్లో పనిగా ఆయన గురించి కూడా ఒక మాట చెబుతావని."

సుగుణమణి లోపలికొచ్చి, ఉల్లిపొట్టు మధ్య అలాగే నేలమీద కూర్చుంది. వీరవేణి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ ఆయన పేరేంటమ్మా?"

రెండేళ్లుగా పక్కపక్క ఇళ్లు. ఆ పేరు ఆమెకి తెలీదు.

"సూరిబాబక్కా."

సుగుణమణి కళ్లు మూసుకుంది.

పొయ్యిమీద కుక్కరు ఎన్ని కూతలు కూసిందో ఇద్దరిలో ఎవరూ వినలేదు. పప్పు మాడిన వాసన వంటిల్లంతా నిండాక గానీ కళ్లు తెరవలేదు.